ఆపద్ధర్మ ప్రభుత్వము: 1979 నాటి పరీక్ష

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుని కథ యొకటి కలదు. కురుదేశమున పైరులు పాడై కరవు వచ్చెను. ఉషస్తి భార్యతో కూడ ఊరూర తిరుగుచు మావటివాండ్ర గ్రామమును చేరి, గుగ్గిళ్ళు తినుచున్న యొక మావటిని యాచించెను. నా ముందున్న యీ యెంగిలి తప్ప వేరు లేదని మావటి చెప్పగా, అవియే పెట్టుమని పుచ్చుకొని తినెను. పిమ్మట మావటి తాను త్రాగగా మిగిలిన నీటిని కూడ ఈయబోయెను. అది ఎంగిలి, నాకు వలదని ఉషస్తి నిరాకరించెను. గుగ్గిళ్ళు మాత్రము ఎంగిలి కావా యని మావటి యడిగెను. అవి తినకున్న ప్రాణము నిలువదు, నీరందువా కోరినచోట దొరకును అని ఉషస్తి బదులు చెప్పెను. మహాభారత శాంతిపర్వమున ఆపద్ధర్మమను పేర ఒక ఉపపర్వమే యున్నది గాని, ఆ ధర్మమునకు హద్దు ఎక్కడ గీయవలెనో తెలుపుటకు ఈ గుగ్గిళ్ళ కథకు మించిన వివరణము దొరకుట కష్టము.

మన పత్రికలవారు ‘కేర్‌టేకర్ గవర్నమెంటు’ అను ఆంగ్లపదమునకు ఆపద్ధర్మ ప్రభుత్వమని పేరు పెట్టిరి. ఇది మాటకు మాటగా చేసిన యనువాదము కాదు. యజమాని పొరుగూరు పోయినప్పుడు ఇంటికి దీపము పెట్టి, చెట్లకు నీరుపోసి, తలుపులు చూచుకొను మనిషిని ఆంగ్లేయులు ఆ పేర పిలుతురు. గోడ పడగొట్టుటకు గాని కొత్త గది కట్టుటకు గాని అతనికి అధికారము లేదు. తెలుగుమాట అంతటితో ఆగక, ఆ యిల్లే అంటుకొన్నప్పుడు కాపలావాడు ఏమి చేయవలెనను ప్రశ్నను కూడ తనలో ఇముడ్చుకొన్నది. ఈ పేరు పెట్టిన విలేఖరి యెవరో గాని చక్కగా పెట్టెను.

ఇంగ్లండులో ఈ మాటకు ప్రసిద్ధి వచ్చినది 1945లో. ఐరోపాలో యుద్ధము ముగియగానే చర్చిల్ నడపుచుండిన సంకీర్ణ మంత్రివర్గము చెదరిపోయెను. ఎన్నికల వరకు ఆయనయే మే 23వ తేదీ మొదలు జూలై 26వ తేదీ వరకు తాత్కాలికముగ పాలించెను. ఆ నడుమ పోట్స్‌డాం సమావేశము వచ్చినది. వోట్లు పడినవి గాని లెక్క తేలలేదు. చర్చిల్ ఆ సమావేశమునకు తన ప్రత్యర్థియైన అట్లీని వెంటబెట్టుకొని వెళ్ళెను. రేపు ప్రధాని ఎవరైనను దేశము మాట మారకుండుటకే ఈ యేర్పాటు. లెక్క తేలిన పిమ్మట అట్లీయే ప్రధానియై ఆ సమావేశమునకు మరల పోయెను.

భారత రాజ్యాంగములో ‘ఆపద్ధర్మ ప్రభుత్వము’ అను మాట ఎక్కడను లేదు. 74వ అధికరణము రాష్ట్రపతికి సలహా చెప్పుటకు ప్రధానమంత్రి నాయకుడుగా ఒక మంత్రిమండలి ఉండితీరవలెనని శాసించుచున్నది. 75వ అధికరణము ఆ మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని చెప్పుచున్నది. సభయే రద్దైనప్పుడు ఎవరికి బాధ్యత వహించునో మాత్రము చెప్పలేదు. 1970 డిసెంబరులో లోక్‌సభ రద్దైన పిమ్మట ఇందిరాగాంధిగారి మంత్రివర్గము కొనసాగుటకు వీలులేదని ఒక పౌరుడు వ్యాజ్యము తెచ్చెను. 1971లో సర్వోన్నత న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది. మంత్రిమండలి లేకుండ రాష్ట్రపతి ఒక్కదినమైనను స్వయముగ పాలించుటకు రాజ్యాంగము ఒప్పదని దాని తాత్పర్యము. కావున ఢిల్లీలో ఎంతటి చిక్కు వచ్చినను, ఓడినవారో రాజీనామా ఇచ్చినవారో ఎవరో యొకరు కుర్చీలో ఉండక తప్పదు.

రాష్ట్రముల సంగతి వేరు. అక్కడ 356వ అధికరణము కలదు. దాని రుచి తెలుగువారికి మొదటనే తెలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి యైరి. 1954 నవంబరు 6న మద్యనిషేధపు వివాదముపై వచ్చిన అవిశ్వాస తీర్మానములో ఒకే యొక్క వోటు తేడాతో ఆ మంత్రివర్గము ఓడిపోయెను. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చినది. గవర్నరు చందూలాల్ త్రివేదిగారు పాలన నడపిరి. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గము వచ్చువరకు అదే యేర్పాటు. ఓడిన ప్రకాశంగారి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రిగా నుండినవారు నీలం సంజీవరెడ్డిగారు. ఒక్క వోటు విలువ యెంతయో, సభ విశ్వాసము పోయిన మంత్రివర్గము గతి యేమో ఆయన లోపలనుండి చూచిరి. పాతికేండ్ల తరువాత అదే చిక్కు దేశమంతటికిని వచ్చినప్పుడు తీర్పు చెప్పవలసిన స్థానమున ఆయనయే కూర్చొనియుండిరి. అప్పుడు చేతిలో 356వ అధికరణము లేదు.

అనంతపురం జిల్లా ఇల్లూరున పుట్టిన సంజీవరెడ్డిగారు 1977 ఎన్నికలలో నంద్యాలనుండి లోక్‌సభకు వచ్చిరి. ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో జనతాపక్షమునకు దక్కినది అది యొక్కటియే. ఆ సంవత్సరము జూలైలో ఆయన పోటీ లేకుండ రాష్ట్రపతి యైరి. 1969లో అదే పదవికి పోటీ చేసి వి.వి.గిరిగారి చేత ఓడినవారికి ఇది చిన్న సంగతి కాదు.

రెండేండ్లు గడవకమునుపే జనతాపక్షము లోలోపల చీలిపోయెను. 1979 జూలైలో ప్రతిపక్ష నాయకుడు యశ్వంతరావు చవాన్‌గారు అవిశ్వాస తీర్మానము పెట్టిరి. దినదినము కొందరు సభ్యులు జనతా బల్లలు విడిచి అవతలికి పోవుచుండగా, ప్రధాని మొరార్జీ దేశాయిగారు వోటింగువరకు ఆగక జూలై 15న రాజీనామా ఇచ్చిరి. వేరొక యేర్పాటు జరుగువరకు కొనసాగుమని రాష్ట్రపతి కోరిరి. ఆ వేసవిలో మొదటి ఆపద్ధర్మ ప్రభుత్వము అదియే. మొదట చవాన్‌గారిని ప్రయత్నింపుమనగా కొలది దినములలోనే తనవల్ల కాదని ఆయన తెలిపిరి. అంతట మొరార్జీగారిని, చీలినవర్గపు నాయకుడైన చరణ్‌సింగ్‌గారిని ఎవరి బలమెంతయో పేర్లతో జాబితాలు ఇండని సంజీవరెడ్డిగారు అడిగిరి. మొరార్జీగారి జాబితాలోని కొందరు తాము ఆయన వెంట లేమని చెప్పుకొనిరి. ఆనాటి పత్రికల కట్టలు తిరుగవేసినచో ఆ వారమంతయు తలల లెక్క తప్ప వేరు వార్త కానరాదు. జూలై 28న చరణ్‌సింగ్‌గారు ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. ఆగస్టు మూడవ వారములోగా లోక్‌సభ విశ్వాసమును పొందవలెనని రాష్ట్రపతి ఆయనకు సూచించిరి.

ఆ విశ్వాసము ఆధారపడినది ఇందిరాగాంధిగారి పక్షము బయటనుండి ఇచ్చెదమన్న మద్దతుమీద. రెండేండ్ల క్రిందట అత్యవసర పరిస్థితికి కారకురాలని ఆమెపై విచారణ కోరినవారే ఇప్పుడు ఆమె చేయి పట్టుకొని గద్దె నెక్కిరి. అత్యవసర పరిస్థితినాటి ఆరోపణలను విచారించుటకై ప్రత్యేక న్యాయస్థానముల చట్టము అప్పటికే చేయబడియుండెను. దానిని ఉపసంహరించుటకు చరణ్‌సింగ్‌గారు ఒప్పుకొనలేదు. మద్దతు పోయెను. ఆగస్టు 20న సభ యెదుట నిలువవలసిన ఉదయమే ఆయన రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయవలసినదని సలహా యిచ్చిరి. ప్రమాణము చేసి 23 దినములు. ప్రధానిగా పార్లమెంటు ముఖము చూడని ప్రధాని ఆయన యొక్కరే.

ఇక్కడనే అసలు చిక్కు వచ్చినది. రాజ్యాంగమునకు 42వ సవరణ జరిగిన తరువాత మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటింపక తప్పదు. 44వ సవరణ ఒక్కమారు పునరాలోచింపుమని త్రిప్పి పంపుటకు మాత్రము వీలిచ్చినది. కాని ఏ దినమునను సభ విశ్వాసమును పొందని మంత్రివర్గము ఆ సభనే రద్దు చేయుమని చెప్పినచో ఆ సలహాకు విలువ యెంత? అప్పటికి మొరార్జీగారు తప్పుకొనగా బాబు జగ్‌జీవన్‌రాంగారు జనతాపక్ష నాయకులై యుండిరి. చీలిక జరిగినను సభలో అతిపెద్ద పక్షము అదియే. తమకు ఒక అవకాశమీయవలసినదని వారు కోరిరి. రాష్ట్రపతి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేసిరి.

ఈ నిర్ణయముమీద వచ్చినంత విమర్శ సంజీవరెడ్డిగారి జీవితమున మరి దేనిమీదను రాలేదు. అనేక సంవత్సరములు కేంద్రమంత్రిగా పనిచేసిన దళిత నాయకుడు ప్రధాని కావలసిన తరుణమున తలుపు మూసివేసిరని అనేకులు బాధపడిరి. ఆ బాధ నేటికిని తీరలేదు. రాష్ట్రపతి పక్షమున చెప్పదగినదియు కలదు. జనతాకు సంఖ్యాబలము చాలదు. ఆ లోటు పూడ్చవలెనన్నచో మరల ఫిరాయింపులే శరణ్యము. అప్పటికి ఫిరాయింపులను నిషేధించు చట్టము లేదు, అది 1985లో గాని రాలేదు. రాష్ట్రపతి భవనము మరల బేరముల సంత కాకుండ ప్రజలయొద్దకే పోవుట మేలని ఆయన తలచియుండవచ్చును. పదవీ విరమణానంతరము వ్రాసిన గ్రంథములో ఆయన తన నిర్ణయములను సమర్థించుకొనిరి. ఐనను ఒక్కమాట చెప్పక తప్పదు. జూలైలో ఇద్దరికి జాబితాలు సమర్పించు గడువు దొరకినది. ఆగస్టులో మూడవవానికి ఆ గడువైనను దొరకలేదు. లెక్క తక్కువైనచో సభయే ఆ సంగతి తేల్చియుండెడిది. సభలో బలమును తేల్చు చోటు సభయే యని 1994లో బొమ్మై కేసులో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల విషయమున స్పష్టముగ చెప్పినది.

ఐతే అదే దినమున వెలువడిన రాష్ట్రపతి భవనపు ప్రకటనలో ఇంకొక విషయము కూడ నుండెను. రద్దు గొడవలో దానిని గమనించినవారు తక్కువ. ఎన్నికలవరకు ఈ ప్రభుత్వము కొత్త విధానములకు దారితీయు నిర్ణయములను గాని, పెద్దమొత్తముల కొత్తవ్యయముతో కూడిన నిర్ణయములను గాని, ముఖ్యమైన పరిపాలనా నిర్ణయములను గాని చేయదని ఆ ప్రకటన తెలిపినది. రాజ్యాంగమున లేని హద్దును ఒక రాష్ట్రపతి కాగితముపై గీసెను. దీనికి శాసనబలము లేదు. మంత్రివర్గము మీరినచో శిక్ష లేదు. ఐనను అప్పటినుండి ఢిల్లీలో ఇట్టి పరిస్థితి ఎప్పుడు వచ్చినను కొలబద్దగా నిలిచినది ఈ మాటయే. ఈ మంత్రివర్గమును గూర్చిన వ్యాజ్యమొకదానిలో కలకత్తా ఉన్నత న్యాయస్థానము కూడ దైనందిన పరిపాలనకు మించిన విషయములలో ఇట్టివారి సలహాకు రాష్ట్రపతి కట్టుబడనక్కరలేదను అభిప్రాయమునే వెలిబుచ్చెను.

హద్దు గీయుట సులభము, కాలము దానికి లోబడి నడచుట కష్టము. ఆగస్టు 20 మొదలు 1980 జనవరి 14 వరకు 147 దినములు చరణ్‌సింగ్‌గారి మంత్రివర్గము ఆపద్ధర్మ ప్రభుత్వముగా నుండెను. డిసెంబరులోగా ముగింపవలెనని తలచిన ఎన్నికలు జనవరి 3, 6 తేదీలలో జరిగినవి. ఆ సంవత్సరము వర్షములు మోసగించెను. అంతకుముందటి యేట 13 కోట్ల 19 లక్షల టన్నులైన ఆహారధాన్యముల పంట 10 కోట్ల 97 లక్షల టన్నులకు పడిపోయెను. ధరలు పెరిగినవి. సరుకు దాచి ధర పెంచువారిని విచారణ లేకుండ నిర్బంధించుటకై అక్టోబరులో ఒక ఆర్డినెన్సు వచ్చినది. సభలేని కాలమున, సభ విశ్వాసము పొందని మంత్రుల సలహాపై, పౌరుని స్వేచ్ఛను తాకు శాసనము! ఇది ప్రాణము నిలుపు గుగ్గిళ్ళా, లేక కోరినచోట దొరకు నీరా? కరవులో బియ్యమునకు, నూనెకు ఇక్కట్లు పడిన గృహిణి ఒక జవాబు చెప్పును. అత్యవసర పరిస్థితిలో చెరసాల చూచి వచ్చినవాడు వేరొకటి చెప్పును. 1980లో కొత్త పార్లమెంటు దానిని చట్టముగ చేసినది కావున రాజకీయముగ ఆ వివాదము ముగిసినది. అంతమాత్రమున ఆ ప్రశ్న ముగిసినదనుటకు వీలులేదు.

డిసెంబరు చివర సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థానములో ప్రవేశించెను. పొరుగున యుద్ధము వచ్చినప్పుడు మేము ఆపద్ధర్మ ప్రభుత్వమువారము, ఎన్నికలైన పిమ్మట రమ్మని చెప్పుటకు వీలుండదు. చరణ్‌సింగ్‌గారు సోవియట్ రాయబారిని పిలిపించి భారతదేశపు ఆందోళనను తెలిపిరి. జనవరి మొదటివారములో ఎన్నికలు ముగిసి ఇందిరాగాంధిగారి పక్షమునకు 353 స్థానములు వచ్చినవి. చరణ్‌సింగ్‌గారి పక్షమునకు 41, జనతాకు 31. ఐక్యరాజ్యసమితి అత్యవసర సమావేశమున భారత ప్రతినిధి జనవరి 11న ప్రసంగించెను. అప్పటికి ప్రధాని చరణ్‌సింగ్‌గారే. ప్రసంగము మాత్రము సోవియట్ పక్షమునకు మెత్తనిదై, రానున్న ప్రధాని అభిమతమునకు అనుగుణముగ నుండెను. జనవరి 14న సోవియట్ చర్యను గర్హించు తీర్మానము 104 వోట్లతో నెగ్గగా భారతదేశము వోటు వేయలేదు. ఇందిరాగాంధిగారు ప్రమాణము చేసినది ఆ దినముననే. చర్చిల్ అట్లీని వెంట తీసికొనిపోయి బహిరంగముగ చేసినది ఇక్కడ చాటుమాటున జరిగినది.

తరువాతి కథలు రెండు త్వరగా చెప్పుకొనవచ్చును. 1991 మార్చి 6న రాజీనామా చేసిన చంద్రశేఖర్‌గారి ప్రభుత్వము జూన్ 21 వరకు కొనసాగెను. విదేశీమారకపు నిధి కొలది వారముల దిగుమతులకు మాత్రమే సరిపోవు స్థితి యది. నడుమ మే 21న రాజీవ్‌గాంధిగారు హతులైరి. అప్పు చెల్లింపలేదన్న అపకీర్తి దేశమునకు రాకుండుటకై ఆ ప్రభుత్వము దొంగరవాణాదారుల యొద్ద పట్టుకొన్న బంగారములో 20 టన్నులను, తిరిగి కొనుక్కొను షరతుపై స్విట్జర్లండు బ్యాంకునకు పంపెను. ఇంటి బంగారము తాకట్టు పెట్టుట తెలుగింట ఎంతటి సంగతియో చెప్పనక్కరలేదు. దానిని కాపలాదారుడు చేయవలసి వచ్చెను. హద్దు మీరెనని ఆ మంత్రివర్గమును నిందించినవారికంటె పరువు పోయెనని బాధపడినవారే యెక్కువ. జూన్ 21న ప్రధానియైన పి.వి.నరసింహారావుగారి ప్రభుత్వము ఆ దారినే జూలైలో మరి 47 టన్నులు పంపి, పిమ్మట ఆర్థిక విధానమునే మార్చెను. ఒకే పని యొకరిచేతిలో ఆపద్ధర్మము, రెండవవారిచేతిలో విధానము.

1999 ఏప్రిల్ 17న వాజపేయిగారి మంత్రివర్గము 269కి 270 వోట్లతో, అనగా ప్రకాశం పంతులుగారివలెనే ఒక్క వోటుతో ఓడెను. అక్టోబరు 13 వరకు ఆయనయే కొనసాగిరి. ఆ నడుమనే కార్గిల్ యుద్ధము జరిగినది. యుద్ధము చేయుటకు మీకు అధికారమెక్కడిదని ఎవరును అడుగలేదు. అదే ప్రభుత్వము అదే వేసవిలో టెలిఫోను సంస్థలు చెల్లింపవలసిన లైసెన్సు రుసుమును ఆదాయములో వాటాగా మార్చినప్పుడు మాత్రము, కొంతకాలము ఆగినచో ఏమి పోయెనని విమర్శ వచ్చెను. సైనికుడు వేచియుండలేడు, రుసుము వేచియుండగలదు. చూచినవారికి ఆ తేడా తెలిసినది.

సంజీవరెడ్డిగారు 1982 జూలైలో పదవీకాలము ముగించుకొని స్వస్థలమునకు మరలి వ్యవసాయము చూచుకొనిరి. 1996 మే నెలలో ఏ పక్షమునకును ఆధిక్యము రాకపోగా వాజపేయిగారు 13 దినములు ప్రధానిగా నుండి, విశ్వాసపరీక్షలో నెగ్గుట సాధ్యము కాదని తెలిసి మే 28న సభలోనే రాజీనామా ప్రకటించిరి. దేవెగౌడగారు ప్రమాణము చేయువరకు నాలుగుదినములు ఆపద్ధర్మ ప్రభుత్వము నడచెను. జూన్ 1న ఢిల్లీలో ఆ ప్రమాణస్వీకారము జరిగిన దినముననే, బెంగుళూరులో సంజీవరెడ్డిగారు తమ 83వ యేట కాలధర్మము చెందిరి.